కమాండరుగారి గవదబిళ్ళలు

మా బావ నౌకాదళంలో కమాండరు. గవదబిళ్ళలతో పోయాడు.

ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చెబితే ఎదుటివాడి మొహంలో ఏం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. మొదటి ముక్కకు వాడి నడుం నిటారుగా అవుతుంది. రెండో ముక్కకు పెదవి చివర వణుకుతుంది. నవ్వొస్తోందని వాడికే తెలిసిపోయి, చావు మాట కదా అని గబగబా మింగేసి "అయ్యో" అంటాడు. ఆ అయ్యోలో సగం జాలి, సగం మింగిన నవ్వు. నేను కళ్ళద్దాల దుకాణం నడుపుతాను. జానెడు దూరం నుంచి మనుషుల మొహాలు చూడడమే నా బతుకుతెరువు. నా దగ్గర మొహం దాచడం కష్టం.

నిజానికి ఆ చావు ఆయనకు నప్పలేదు. ఎన్ని తుఫానులు చూశాడో లెక్క లేదు. అన్నిటిలోంచీ ఇస్త్రీ నలగకుండా బయటికొచ్చిన మనిషి. సెలవు మీద ఇంటికొస్తే మాత్రం మా అక్కకు పెద్ద గండం. మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ ఒక్కలా ఉండాలి. చెప్పులు వరసలో ఉండాలి. వంటగదిలో డబ్బాలు పొడుగు ప్రకారం నిలబడాలి. అక్క ఏదైనా చెప్పబోతే "విషయం చెప్పు" అనేవాడు. మా అక్క విషయం చెప్పే మనిషి కాదు. పక్కింటి పిల్లి దగ్గర మొదలుపెట్టి, ఆ పిల్లి ఎవరింట్లో పుట్టిందో, వాళ్ళమ్మాయి పెళ్ళి ఎందుకు ఆగిందో చెప్పుకుంటూ అసలు సంగతికి వచ్చేసరికి బావ సెలవు అయిపోయేది. ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేవాడు. అక్క మిగతా కథ నాకు చెప్పేది. అలా మా ఇద్దరి జీవితాలూ గడిచాయి.

రిటైరయ్యాక బావకు ఏం తోచలేదు. హుకుం జారీ చేద్దామంటే ఇంట్లో అక్క ఒక్కతే సిబ్బంది, ఆవిడ వినే రకం కాదు. చివరికి చర్చిలో సండే స్కూలు పిల్లలకు ఓడల్లో తాళ్ళకు వేసే ముడులు నేర్పుతానని ముందుకొచ్చాడు. పిల్లలకు క్రమశిక్షణ వస్తుందని పాస్టరుగారు సంబరపడ్డారు. క్రమశిక్షణ సంగతి దేవుడెరుగు, ముడులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక ఆదివారం వాళ్ళు సండే స్కూలు టీచరమ్మను కుర్చీతో సహా బల్లకు కట్టేశారు. ఎవరికీ విప్పడం రాలేదు. బావే వచ్చి, ముందు ముడి బిగువు మెచ్చుకుని, ఆ తరవాత విప్పాడు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. మీద పడి, మెడకు వేలాడి, చెవిలో రహస్యాలు చెప్పేవాళ్ళు.

ఆ మెడకు వేలాడడంలోనే వచ్చింది. పిల్లల్లో గవదబిళ్ళలు తిరుగుతున్నాయి. పిల్లలకు రెండు రోజులు బుగ్గలుబ్బి, మూడో రోజుకు మళ్ళీ గంతులు. బావకు ముందు ఒక బుగ్గ వాచింది. మా సంఘంలో ఒక పళ్ళ డాక్టరున్నాడు, చర్చిలో మా పక్క బెంచీయే. వాచిన బుగ్గను చూస్తే పళ్ళ డాక్టరుకు పన్ను తప్ప ఇంకేం గుర్తొస్తుంది? నిక్షేపంలాంటి దవడ పన్ను ఒకటి పీకి చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నకు రెండో బుగ్గ కూడా లేచింది. అది కూడా పీకుదామనేలోపు అక్క అడ్డం పడి, బావను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరు దూరం నుంచే చూసి గవదబిళ్ళలన్నాడు. ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. చివర్లో అది మెదడుకు పాకింది. ఏ లక్షమందిలోనో ఒకడికి అలా అవుతుందట. ఆ ఒక్కడూ మా బావే కావాలా అని నేను దేవుడి మీద అలిగాను. ఇప్పటికీ మా ఇద్దరి మధ్యా పూర్తిగా మాటల్లేవు.

ఏడాది తిరిగాక అక్క ఒకే ఒక కోరిక కోరింది. చర్చిలో, ఆయన ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క గోడకు ఒక స్మారక ఫలకం పెట్టాలి. ఆయన ఎలా పోయాడో దాని మీద ఉండాలి.

మా చర్చిలో ఫలకం పెట్టడానికి ఒక పద్ధతుంది. వెనకటికి ఒక పెద్దాయన పోతే, ఆయన పేరు బదులు బతికున్న తమ్ముడి పేరు రాతి మీద చెక్కారట. చెక్కాక ఏం చేస్తారు? ఆ తమ్ముడు నిజంగా పోయేదాకా ప్రతి ఆదివారం తన స్మారకం కిందే కూర్చుని పాటలు పాడాడు. అప్పటినుంచి ఎవరి ఫలకమైనా ముందు అట్ట మీద రాసి, అంతే కొలతతో, వెనక గోడకు తగిలిస్తారు. పక్కన దారానికి ఒక పెన్సిలు వేలాడుతుంది. సంఘంలో ఎవరికి ఏ తప్పు కనిపించినా వచ్చి దిద్దవచ్చు. ఇతరుల మాట నచ్చకపోతే దాని మీద గీత కొట్టి, పైన మరో మాట రాయవచ్చు. కానీ చెరపడం మాత్రం ఎవరి రాత వాళ్ళే చెరపాలి. కొట్టేసిన మాట మళ్ళీ బతకాలంటే, గీత కొట్టినవాడే వచ్చి ఆ గీత చెరపాలి. కొన్ని వారాలయ్యాక ఒక ఆదివారం పాస్టరుగారు అట్టను పైకి చదువుతారు, కుటుంబం సరేనంటుంది, శిల్పి అదే చెక్కుతాడు. వినడానికి ఎంతో బుద్ధిగా ఉంది కదా. మా సంఘం చేతిలో పడనంతవరకూ బుద్ధిగానే ఉంది.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అట్ట నన్నే రాయమంది అక్క. పేరు రాశాను, హోదా రాశాను. తరవాతి మాట దగ్గర చెయ్యాడలేదు.

"అక్కా, అస్వస్థత అని రాద్దామా?"

"ఏం, ఆయన అస్వస్థతతో పోయారా? గవదబిళ్ళలతో పోయారు. అదే రాయి."

రాశాను. "గవదబిళ్ళలతో, తన ఇంట్లో, భార్య పక్కన ఉండగా కన్నుమూశారు." అక్క కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుంది. బాగుందంది.

ఆ ఆదివారం పాస్టరుగారు కళ్ళు మూసుకుని దీర్ఘప్రార్థనలో ఉండగా, వెనక చేరిన పిల్లలు కొత్త అట్టను చూశారు. వాళ్ళకు కొత్తగా చదవడం వచ్చింది. అందరూ కలిసి, బడిలో పాఠంలా గొంతెత్తి "గ-వ-ద-బి-ళ్ళ-ల-తో" అని చదివారు. ముందు వరసలో ఎవరో ఫక్కుమన్నారు. అది అంటుకుంది. క్వైర్ వాళ్ళు పాటల పుస్తకాలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు ఎక్కడున్నారో మర్చిపోయి, రోగుల కోసం ప్రార్థన ఇంకా మొదలుపెట్టకుండానే ఆమెన్ అనేశారు. రోగులందరినీ ఆ వారం వాళ్ళ మానాన వదిలేశాం.

ఇక దిద్దుబాట్లు మొదలయ్యాయి. మొదట టీచరమ్మ వచ్చింది. గవదబిళ్ళలని రాస్తే ఎవరి పిల్లల నుంచి వచ్చాయనే ప్రశ్న వస్తుందని తల్లులంతా ఆవిడ ప్రాణం తీస్తున్నారట. అందుకని ఆవిడ ఆ మాట కొట్టేసి, పైన "స్వల్ప అస్వస్థతతో" అని రాసింది. స్వల్ప అస్వస్థతతో మనిషి చచ్చిపోవడం ఎక్కడైనా ఉందా అని నేనడిగితే, బాధ తగ్గించి చెప్పాలి కదండీ అంది. తరవాతి వారానికి పళ్ళ డాక్టరు స్వల్ప అస్వస్థతను కొట్టేసి "సముద్రపు గాలి వల్ల సోకిన విషజ్వరంతో" అని రాశాడు. ఆయన్ను పన్ను గురించి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న తంతు. రాయి మీద గవదబిళ్ళలని ఉంటే, మరి పన్నెందుకు పీకావని ఎప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతారు కదా.

ఆ తరవాత చిన్నబావ దిగాడు. అంటే మా బావ తమ్ముడు, ఇన్సూరెన్సులో పనిచేసి రిటైరయ్యాడు. చెరువులో పడవెక్కినా వాంతులు చేసుకునే మనిషి. సముద్రం మీద ఆయనకున్నంత ప్రేమ మాత్రం మా బావకు కూడా లేదు. మంగలి దుకాణంలో, కూరగాయల కొట్టు దగ్గర, మా అన్నయ్య నడిసంద్రంలో పోయాడని ఎప్పటినుంచో చెప్పుకుంటున్నాడట. ఇప్పుడు అట్ట మీద గవదబిళ్ళలు చూసేసరికి మనిషికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇల్లు, భార్య అన్న మాటలు కూడా అడ్డంగా కొట్టేసి, "భీకరమైన తుఫానులో, ఓడ మునుగుతున్నా చలించక, అలల్లో ఒరిగిపోయారు" అని రాశాడు. కింద ఒక గీత కూడా గీశాడు, అందం కోసం.

దానికి సంఘంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎందుకు చెబుతారు? పిల్లల మీద పెడితే తల్లులకు కోపం. పంటి మీద పెడితే డాక్టరుకు కోపం. సముద్రం మీద పెడితే ఎవరికీ కోపం లేదు. సముద్రం మా సంఘంలో సభ్యురాలు కాదు, వచ్చి నేను కాదు మొర్రో అనదు. పాస్టరుగారికి మాత్రం మింగలేక కక్కలేక ఉంది. అబద్ధమని తెలుసు. కానీ ప్రార్థనలో నవ్వులు ఆగాయి. మనిషి ఏదో ఒకటే అడగగలడు.

నాకు ఒళ్ళు మండింది. మా అక్క మాట ఆ గీతల కింద, గుంపులో తొక్కిసలాటలో పడ్డ మనిషిలా నలిగిపోయి ఉంది. ఇతరుల రాత చెరపకూడదన్నది పద్ధతి. తెలుసు. తెలిసే ఒక మధ్యాహ్నం దుకాణం మూసేసి, జేబులో రబ్బరు వేసుకుని చర్చికి వెళ్ళాను. పనిరోజు, ఎవరుంటారు? అట్ట దగ్గర రబ్బరు తీశానో లేదో, తలుపు చప్పుడైంది. గబుక్కున బెంచీలో మోకాళ్ళ మీద కూలబడి కళ్ళు మూసుకున్నాను. వేళ్ళ సందులోంచి చూస్తే పళ్ళ డాక్టరు. చిన్నబావ కొట్టేసిన విషజ్వరాన్ని తుఫాను పక్కన మళ్ళీ దూర్చడానికి వచ్చినట్టున్నాడు, పెన్సిలు చెవి మీదే ఉంది. నన్ను చూసి ఆయన కూడా మోకాళ్ళ మీద పడ్డాడు. అవతలివాళ్ళు ముందు వెళ్ళిపోతారేమోనని ఎదురుచూస్తూ ఇద్దరం ప్రార్థిస్తున్నాం. ఇంతలో టీచరమ్మ. ఆవిడ వెనకే కొలబద్దతో చిన్నబావ, గీత వంకర పోయిందని సరిచెయ్యడానికి. అందరం వరసగా మోకాళ్ళ మీద. ఎవరూ లేవరు. నా మోకాళ్ళు పగిలిపోతున్నాయి.

అప్పుడు పాస్టరుగారొచ్చారు. ఎండవేళ, పనిదినాన, ఎవరూ పిలవకుండా సంఘం వచ్చి మోకరించి ఉండడం ఆయన జీవితంలో ఎన్నడూ చూడలేదు. కళ్ళు చెమర్చాయి. ఇది పైనుంచి వచ్చిన ఉజ్జీవం, సంఘంలో భక్తి మళ్ళీ మేలుకుందన్నారు. మాతో పాట పాడించారు, ఒక్కొక్కరి చేతా ప్రార్థన చేయించారు. సత్యంలో నడిపించమని పళ్ళ డాక్టరు పెన్సిలు చెవిమీదే పెట్టుకుని ప్రార్థించాడు. ఇకనుంచి ప్రతివారం ఇదే రోజు, ఇదే వేళకు కూడుకుందామని పాస్టరుగారు అక్కడికక్కడే ప్రకటించారు. ఆ కూటం ఇప్పటికీ నడుస్తోంది. ఎందుకు మొదలైందో మాకు తప్ప ఎవరికీ తెలియదు. నా రబ్బరు జేబులోంచి బయటికి రాకుండానే ఇంటికొచ్చింది.

ఆ వారమే శిల్పి వచ్చాడు. శిల్పి అని ఆయన చెప్పుకోవడమే, ఆయన చెక్కిన దేవదూతలన్నీ ఆయన మేనమామలా ఉంటాయి. మీసాలొకటే తక్కువ. ఆయనకు బాగా వచ్చింది అలలు. ఏ ఆర్డరొచ్చినా ఎలాగో ఒకలాగ అలలు తెస్తాడు. ఒక స్కూలు మాస్టారి సమాధి మీద కూడా అలలు పెట్టాడు, అవి జ్ఞానసముద్రమట. అలాంటివాడికి నౌకాదళం పని దొరికితే ఆగుతాడా? చిన్నబావతో మంతనాలాడి, ఎవరో వద్దని వదిలేసిన ఒక పాత రాయిని బండి మీద ఎక్కించుకుని, తిన్నగా అక్క ఇంటి ముందు దింపించాడు. రాయి మీద పెద్ద పెద్ద అలలు, మధ్యలో ముక్కు పైకెత్తి మునిగిపోతున్న ఓడ. కింద రాత కోసం జాగా ఖాళీ. సిద్ధంగా ఉంది, చవగ్గా వస్తుంది, పేరు చెక్కితే చాలన్నాడు. చిన్నబావ ఆ ఓడను చేత్తో నిమిరి, వదినా, చూశావా, అన్నయ్య కళ్ళముందు కనిపిస్తున్నాడంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. ఆయన్ను తిట్టడం అందుకే కష్టం.

అక్క వరండా మెట్ల మీద నిలబడి ఆ రాయిని చాలాసేపు చూసింది.

"ఇది ఎవరి ఓడ?" అంది.

అన్నయ్యదే అన్నాడు చిన్నబావ.

"ఆయన చేతిలో ఒక్క పడవ కూడా మునగలేదు. ఓడను ముంచుకున్నారని రాయడం పొగడ్తా, తిట్టా? ఆయన లేచొచ్చి చూస్తే నిన్ను బల్లకు కట్టేస్తారు."

చిన్నబావకు ఆ కోణం తట్టనేలేదు. కావాలంటే ఓడను కొద్దిగా పైకి తేవచ్చంటూ శిల్పి ఉలి తీశాడు. నేను బండివాడికి సైగ చేసి, రాయిని శిల్పితో సహా పంపించేశాను.

అందరూ పోయాక అక్క లోపలికొచ్చి బావ కుర్చీ పక్కన కూర్చుంది. ఎప్పుడూ పిల్లి దగ్గర మొదలుపెట్టే మనిషి ఆ రోజు ఏమీ మొదలుపెట్టలేదు. చివరికి, రాయి పెట్టించొద్దులేరా అంది. అబద్ధం రాసిన రాయి కింద ప్రతి ఆదివారం కూర్చోవడం తన వల్ల కాదంది. ఉత్త గోడే నయమంది. ఆవిడ జీవితంలో నాకు తెలిసి గట్టిగా కోరుకున్నది ఇదొక్కటే, దాన్ని కూడా సంఘమంతా కలిసి, ఎంతో ప్రేమగా, పెన్సిలుతో లాక్కున్నారు.

అట్ట పైకి చదివే ఆదివారం వచ్చింది. అక్క వద్దులేరా అన్న మాటను పాస్టరుగారికి ముందే చెప్పమంది. నేను చెప్పలేదు. మరిచిపోయానన్నాను. మరిచిపోలేదు, మొండికేశాను. ఆవిడే వచ్చి, తన నోటితోనే వద్దనాలని నా పట్టుదల.

పాస్టరుగారు అట్టను కిందికి దింపించి, ప్రసంగం చేసే పల్పిట్ మీద ఆనించి, గంభీరంగా చదవడం మొదలుపెట్టారు. అప్పటికి దాని మీద ఇతర సంగతులు కూడా చేరాయి. చర్చిలో రాసుకోవడానికి పెన్సిలు కట్టిన చోటు అదొక్కటే కనక, ఎవరికి ఏం చెప్పాలనిపించినా అక్కడే రాశారు. పాస్టరుగారికి దగ్గరి చూపు బాగా తగ్గింది. అద్దాలు మార్చుకోమని నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. ఆయన వరస తప్పకుండా అంతా చదివేశారు. "భీకరమైన తుఫానులో, ఓడ మునుగుతున్నా చలించక, వెనక వరసలో ఫ్యాను తిరగడం లేదు, అలల్లో ఒరిగిపోయారు, గొడుగు ఎవరో మార్చుకుపోయారు." చదివాక ఒక నిమిషం భక్తిగా తలవంచారు. చిన్నబావ ముక్కు చీదాడు. కుటుంబానికి సమ్మతమేనా అని పాస్టరుగారు అడిగారు.

అక్క లేచింది. వద్దని చెప్పడానికే లేచిందని నాకు తెలుసు. అట్ట వైపు చూసింది. సంఘం వైపు తిరిగింది.

"మీ అందరికీ ఆయనంటే గౌరవం. నాకు తెలుసు," అంది. "గవదబిళ్ళలంటే నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. రెండు బుగ్గలూ ఉబ్బి, నెత్తి మీద ముడేసి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుంటే, ఎవరికి నవ్వు రాదు? ఆయనకే అద్దంలో చూసుకుని నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి. అందుకని కళ్ళతో నవ్వేవారు."

బెంచీల్లో కొందరు నవ్వారు. అక్క వాళ్ళను నవ్వనిచ్చింది.

"పెళ్ళైనప్పటినుంచీ ఆయన సముద్రానికి ఉద్యోగం చేశారు. నాకు సెలవులిచ్చారు. నేనేం మొదలుపెట్టినా విషయం చెప్పనేవారు. గవదబిళ్ళలు వచ్చాక నోరు పెగల్లేదు. విషయం చెప్పనడానికి కూడా లేదు. అప్పుడు చెప్పాను. ఇన్నేళ్ళుగా మిగిలిపోయినవన్నీ చెప్పాను. పిల్లి దగ్గర మొదలుపెట్టి. మధ్యలో ఆపితే నా చెయ్యి పట్టి లాగేవారు, తరవాత ఏమైందని. నా కాపురంలో నేను కాపురం చేసింది ఆ కొద్ది రోజులే."

ఎవరూ నవ్వలేదు ఈసారి.

"బతికినన్నాళ్ళూ ఆయన్ను సముద్రమే ఉంచుకుంది. చావు కూడా దానికే రాసిస్తారా? ఆయన పోయింది నా ఇంట్లో. నా పక్కన. అది నాది."

ఆ మాటనేసి అక్క కూర్చుండిపోయింది. వద్దన్న మాట అనకుండానే కూర్చుంది. నేను బాహాటంగా ఏడ్చాను. నాకేం సిగ్గు లేదు.

పద్ధతి ప్రకారం ఎవరి గీత వాళ్ళే చెరపాలి. ఎవరి గీత ఏదో చర్చి మొత్తానికి తెలుసు. లేస్తే ఒప్పుకున్నట్టే. చివరికి పళ్ళ డాక్టరు లేచాడు. చొక్కా సర్దుకుని, నడవలోంచి అందరి ముందూ నడుచుకుంటూ పల్పిట్ దగ్గరికి పోయి, రబ్బరు ఉందా అని అడిగాడు. పాస్టరుగారి దగ్గర లేదు. నా జేబులో ఉంది. ఇచ్చాను. ఆయన విషజ్వరాన్నీ సముద్రపు గాలినీ శుభ్రంగా చెరిపేసి, ఊది, అక్క వైపు తిరిగాడు.

"పన్ను బాగానే ఉందమ్మా," అన్నాడు. "పీకాక తెలిసింది. చెప్పలేకపోయాను."

అక్క తలూపింది. ఆయనకు దగ్గరి బెంచీలో కూర్చోవడానికి ఒకళ్ళు జరిగి చోటిచ్చారు.

తరవాత టీచరమ్మ. తన స్వల్ప అస్వస్థతను చెరిపి, గవదబిళ్ళల మీది గీతను కూడా చెరిపింది. ఆవిడ వెనక, పిలవకుండానే, ఫ్యాను గురించి రాసినాయన, గొడుగు పోయినావిడ కూడా వరసలో నిలబడ్డారు. చిట్టచివర చిన్నబావ. ఆయన తుఫానును చెరపలేక చెరపలేక చెరుపుతున్నాడు. ఎంత గట్టిగా రాశాడో అంత గట్టిగా రుద్దాలి కదా. ఓడ పోయింది, అలలు పోయాయి, ఇంటి మీదా భార్య మీదా కొట్టిన గీతలూ పోయాయి, కానీ ఒరిగిపోయిన చోట అట్టకు చిల్లు పడింది. ఆ చిల్లులోంచి, అవతల అట్ట పట్టుకున్న పాస్టరుగారి కన్ను కనిపించింది. వెనక బెంచీలోంచి శిల్పి లేచి, ఆ చిల్లు కూడా చెక్కాలా అని అడిగాడు. చర్చి అంతా గొల్లుమంది, అక్కతో సహా. చిన్నబావ రబ్బరు పట్టుకుని నిలబడి, వదినా, నన్ను క్షమించు అన్నాడు. ఇంటికొచ్చి భోంచెయ్యమంది అక్క. మా ఇంట్లో క్షమాపణకు అదే జవాబు.

గోడకు రాయి పెట్టారు. ఓడ లేదు. చిల్లు లేదు. అలలు పెట్టనన్న మాట శిల్పి నిలబెట్టుకున్నాడనే చెప్పాలి, కాకపోతే కింద కుడి మూలన వేలిగోరంత అల ఒకటి దొంగతనంగా దూర్చాడు. అడిగితే రాతిలోనే ఉందన్నాడు. పాస్టరుగారు తెర తీసి, కొత్త అద్దాలతో, ఒక్క తప్పు లేకుండా చదివారు. గవదబిళ్ళల దగ్గర ఆయన గొంతు వణకలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ఆరాధనయ్యాక పెద్దలంతా బయట కబుర్లలో పడ్డారు. నేను అక్క కోసం లోపలికి వెళ్ళాను. సండే స్కూలు పిల్లలు ఫలకం ముందు గుమిగూడి చదువుకుంటున్నారు. చదవగానే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని బుగ్గలుబ్బించారు. ఒకళ్ళు నవ్వితే గాలి పోయి మళ్ళీ మొదలు. టీచరమ్మ ఉరుముతూ వస్తుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పిల్లల దగ్గరికెళ్ళి, అందరికన్నా గట్టిగా ఊదుతున్న ఒక చిన్నపిల్ల ముందు వంగింది.

"అది చాలదమ్మా, ఇంకా," అంది. "ఎడమవైపు ఇంకొంచెం ఎక్కువ."

పిల్ల గట్టిగా గాలి పీల్చి, కళ్ళు మూతలు పడేంతగా ఎడమ బుగ్గ ఉబ్బించింది. మొహం ఎర్రబడింది. అయినా వదల్లేదు.

"ఆ, అలాగే," అంది అక్క. "అచ్చం అలాగే ఉండేవారు. కాసేపు అలాగే ఉండు తల్లీ."

పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. అక్క ఆ బుగ్గ మీద అరచెయ్యి ఆనించి, నాకు వీపు తిప్పి, పిల్లకు గాలి అయిపోయేదాకా చెయ్యి తియ్యలేదు.